తవుడుకు కొన్న బిడ్డ

సుబ్బక్క కూతురి కోసం బడి వెతుక్కుంటూ తిరుగుతోందని తెలిసి సాలె వీధి మొత్తం నవ్వింది. నవ్వదూ మరి! ఆ కాలంలో కమలాపురం చుట్టుపక్కల నేతగాళ్ళ ఇళ్ళలో మగపిల్లల చదువే అంతంతమాత్రం. సంతకం గీకడం వచ్చిందంటే చాలు, కాళ్ళు గుంటలోకి దించి మగ్గం ముందు కూర్చోబెట్టేవాళ్ళు. అలాంటిది ఆడపిల్లకు, అందులోనూ ఒక చేయి ఎండిపోయిన ఆడపిల్లకు చదువు కావాలని మొగుడు లేని మనిషి కొంగు నడుముకు చుట్టి బయలుదేరితే, పనీపాటా లేని నోళ్ళు ఊరుకుంటాయా?

"సుబ్బక్క కూతురు కలెకటేరు అవుతాదంట లేప్పా, మనమంతా దండాలు పెట్టాల" అని అరుగుల మీద ఒకటే ఎగతాళి.

అనుకోనీ. వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. సుబ్బక్కకు దగ్గు. మగ్గం గుంటలో చెమ్మకు అందరికీ వచ్చే దగ్గేలే అని మొదట ఆమె కూడా పట్టించుకోలేదు. ఒకనాడు నేస్తూ నేస్తూ ఉండగా దగ్గు తెర వచ్చి, తెల్లటి పడుగు పోగుల మీద ఎర్రటి చుక్కలు రాలాయి. ఆ పోగులు తెంపి పొయ్యిలో వేసి, కొత్త పోగులు ముడేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పోగుల సందులోకి నాడె విసిరింది. తరువాత కోమట్ల పెళ్ళికి చీరలు ఇచ్చి వస్తానని చెప్పి కడప ఆసుపత్రికి పోయి వచ్చింది. అక్కడి డాక్టరు చెప్పిన మాట ఇంటికి తెచ్చుకుని గుండెలోనే దాచుకుంది. బయటపెడితే ఆమె నేసిన చీర ఎవరు కడతారు?

కూతురు పుల్లమ్మకు ఎనిమిదో ఏడు. పసితనంలో ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, తగ్గేసరికి ఎడమ చేయి భుజం నుంచి చచ్చుబడి, పుల్లలా సన్నబడి, వేళ్ళు ముడుచుకుపోయాయి. నేతగాళ్ళ ఇంట్లో ఒంటి చేతి బిడ్డ ఏం చేస్తుంది చెప్పండి? ఒక చేత్తో రాట్నం తిప్పుతుంటే ఇంకో చేత్తో పోగు పట్టాలి. తెగిన పోగు అతకాలన్నా రెండు చేతులు కావాలి. పెళ్ళి మాట ఇక దేవుడెరుగు. తండ్రి కలరాలో పోయాడు. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఎవరూ లేరు.

"నేను పోతే దీన్ని కూటికి ఎవురు పిలుస్తారు?"

సుబ్బక్కను దగ్గు కంటే ఎక్కువగా తినేస్తున్న మాట ఇదీ. బిడ్డకు అక్షరాలు వస్తాయా రావా అన్నది ఆమెకు పెద్దగా పట్టలేదు. పొద్దున బిడ్డ కనబడకపోతే "యాడ పోయింది?" అని అడిగే మనుషులు కావాలి. చుట్టాల్లో అలాంటివాళ్ళు లేరని మొగుడు పోయిన ఏడే తెలిసిపోయింది. పదిమంది పిల్లలు ఒకచోట చేరే బడిలోనన్నా ఉంటారేమోనని ఆమె ఆశ. పాపం, అంతకు మించి ఏమీ కోరలేదు.

వాళ్ళ వీధిలోనే ఒక బడి ఉంది. చౌడమ్మ గుడి పంచలో బొజ్జన్న అయ్యవారు చెప్పేవాడు. ఎంత ముచ్చటైన బడో! అయ్యవారికి ఇంటికొక వారం చొప్పున వీధి అంతా అన్నం పెట్టేది. ఎవరింటి పడుగైనా వీధిలో సాగదీస్తే ఆ పూటకు బడి మానేసి పిల్లలంతా పోయి పట్టుకునేవాళ్ళు. ఒక పిల్లవాడికి అమ్మవారు పోస్తే మిగతా పిల్లలు వేపాకు మోసుకొచ్చి వాకిలి నింపేవాళ్ళు. సుబ్బక్క కూడా తన వారం వచ్చినప్పుడు తాను పస్తుండి మరీ అయ్యవారికి వడ్డించింది. అందుకే ధైర్యం చేసి వీధి పెద్ద కాశన్న దగ్గరకు పోయింది.

"మామా, మా పుల్లమ్మను గూడా బళ్ళో కూచోనీరాదా?"

కాశన్న పోగు అతుకుతూ తల ఎత్తలేదు. "ఏం మాట్లాడతాండావు సుబ్బక్కా? అది అమ్మవారి పంచ. ఆ పిల్లకు అంగలోపం ఉండాది. గడప దగ్గరికి యెట్లా రానిస్తారు?"

"ఓ మూల కూచుంటాది మామా. గడప తొక్కదు."

"నాకు కడుపుతీపి లేదనుకుంటాండావా? రేపు ఎవురి మగ్గం ఆగినా నీ బిడ్డ వల్లనే అంటారు. అప్పుడు ఏడ్చేది నువ్వే. ఇంటికాడ పెట్టుకో పో."

నిజానికి కాశన్న చెడ్డవాడు కాదు. అదే వచ్చిన తంటా. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మనసు చల్లార్చుకునేది. ఆ మంచితనానికి ఎదురు చెప్పలేక సుబ్బక్క వచ్చేసింది.

వీధి బడి కాదన్నాక కమలాపురం బోర్డు స్కూలు ఒక్కటే కనబడింది. పెంకుల కప్పు, బెంచీలు, గోడ గడియారం. హెడ్ మాస్టరు ఒక్క ప్రశ్న వేయకుండా పిల్లను చేర్చుకున్నాడు. సుబ్బక్క ఆనందం పట్టలేక గుమ్మానికి దండం పెట్టింది. రోజూ తెల్లారే బిడ్డను నడిపించుకుని పోవడం, పరుగున వెనక్కి వచ్చి మగ్గం ఎక్కడం, పొద్దు వాలేసరికి మళ్ళీ పోయి తెచ్చుకోవడం. దారిలో ఎన్నిసార్లు కూర్చుని దగ్గిందో ఆ దారి పక్క తుమ్మచెట్లకే తెలియాలి.

ఒకరోజు నేసిన చీరలు షావుకారుకు ఇవ్వాల్సి ఉండి మధ్యాహ్నమే కమలాపురం చేరింది. బడికి తాళం. ఎవరో పెద్దమనిషి పోయాడని పొద్దున్నే పిల్లల్ని పంపించేశారట. ఆ తాళం వేసిన తలుపు ముందు, నీడ జారిపోయి మండే బండ మీద, పుల్లమ్మ కూర్చుని ఉంది. లంగా తడిసిపోయి ఉంది. ఒంటి చేత్తో బొందు విప్పుకోలేకపోయింది బిడ్డ. ఇంతమంది పిల్లల్లో, ఇంతమంది మాస్టర్లలో, ఇదేమిటి ఈ పిల్ల ఇక్కడే ఉంది అని ఒక్కరికీ తోచలేదు! ఎదురుగా కాఫీ అంగడి మనిషిని అడిగితే, "యెవురి పిల్లనో నాకేం తెల్సు తల్లీ, పొద్దుట్నుంచి ఆడనే ఉండాది" అన్నాడు.

"నన్ను పిల్చుకోని పోయేదానికి యెవురూ రాలేదమ్మా" అంది పుల్లమ్మ. ఏడవనైనా లేదు. ఆ ఏడవకపోవడమే సుబ్బక్క గుండెను కోసేసింది.

బిడ్డను చంకన వేసుకుని ఇంటి దారి పట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల బరువు, నడినెత్తిన ఎండ. సగం దారిలో దగ్గు తెర కమ్మింది. దారి పక్క కూలబడి దగ్గుతూ, కొంగు ఎర్రబడుతుంటే, బిడ్డ చూడకుండా మడిచి దాచుకుంటూ ఉంది. అప్పుడు వచ్చింది విశ్వాసమ్మ. ఊరు అంటరానిదని దూరం పెట్టిన కిరస్తానం పల్లె మంత్రసాని. ఏదో ఊళ్ళో పురుడు పోసి తిరిగి వస్తోంది.

"నా బిడ్డను ఎండలో యాడ తిప్పుతాండావు సుబ్బక్కా?" అని దూరం నుంచే కేకేసింది. దగ్గరికి వచ్చి కొంగు చూసి, గబుక్కున నోరు మూసుకుంది.

నా బిడ్డ అనడం వట్టి సరసం కాదు. దాని వెనక ఒక కథ ఉంది. పుల్లమ్మకు ముందు సుబ్బక్కకు పుట్టినవాళ్ళంతా పురిట్లోనే పోయారు. పుల్లమ్మ పుట్టగానే ఆ వీధి ఆచారం ప్రకారం, చావు కళ్ళు కప్పడానికి, బిడ్డను తిని పారేసిన విస్తరాకుల మీద పండబెట్టారు. పుల్లాకుల మీద దొరికింది కాబట్టి పుల్లమ్మ. పురుడు పోసిన విశ్వాసమ్మే ఆ ఆకుల మీది నుంచి ఎత్తుకుని, "ఈ బిడ్డ నాది" అని, తల్లికి చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. ఆ పైన "నా బిడ్డను సాకి పెట్టు" అని మళ్ళీ సుబ్బక్క ఒళ్ళోనే పెట్టింది. ఈ బిడ్డ ఆ తల్లిది కాదనుకుని చావు వెనక్కి పోతుందని నమ్మకం. ఆ వీధిలో అట్లా అమ్ముడుపోయి బతికిన పిల్లలు చాలామందే ఉన్నారు.

విశ్వాసమ్మ బిడ్డను తన చంకనేసుకుంది. దారిలోనే ఉన్న తమ పల్లెకు ఇద్దరినీ తీసుకుపోయి, వాళ్ళ ఏసు గుడి పక్కన వేపచెట్టు నీడలో కూర్చోబెట్టింది. ఆ గుడిని ఆనుకునే బోద గడ్డి కప్పిన కొట్టం. అందులో బడి. దావీదురాజు అయ్యవారు పిల్లల పేర్లు పిలుస్తున్నాడు.

"ఏసురాజు?"

పలుకు లేదు. చెప్పకుండానే ఇద్దరు పిల్లలు లేచి పరుగెత్తారు. కాసేపటికి ఏసురాజును, వాడు ఆడిస్తున్న చంటి చెల్లెల్ని కలిపి తెచ్చారు. అమ్మ శనక్కాయ చేలోకి పోయిందట, చంటిదాన్ని వదిలి వాడు రాలేకపోయాడట. అయ్యవారి భార్య రత్నమణి కొట్టం గుంజకు గుడ్డ ఊయల కట్టింది. దగ్గర కూర్చున్నవాళ్ళు ఊపుతూ ఎక్కాలు చదవసాగారు. కూడు వేళకు ఎవరి ముంతలో అంబలి వాళ్ళు తెచ్చి ఒకే కుండలో పోశారు. చిక్కటిదీ పలచటిదీ అంతా కలిసిపోయింది. తేనివాళ్ళ ముంతల్లోకి కూడా అదే పోసింది రత్నమణి. పుల్లమ్మను ఎవరి పక్కన కూర్చోబెట్టుకోవాలా అని ఆడపిల్లల మధ్య చిన్న జుట్ల పోట్లాట కూడా అయింది.

సుబ్బక్క చూస్తూ కూర్చుంది. ఊరూరూ తిరిగి వెతికింది ఇదే! అక్షరాలు ఏ బడిలోనైనా ఉంటాయి. పిల్ల రాకపోతే పరుగెత్తే కాళ్ళు ఇక్కడే కనబడ్డాయి.

"మీ వీధోళ్ళు ఊరుకుంటారా సుబ్బక్కా?" అంది విశ్వాసమ్మ ఆమె మనసు చదివినట్టు.

ఊరుకోరు. ఆ సంగతి సుబ్బక్కకు తెలియదా? నేత ఒంటరిగా సాగే పని కాదు. మగ్గానికి ఎక్కే ముందు పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. వీధిలో ప్రతి ఇంటి నుంచీ చేతులు వస్తేనే అది అయ్యేది. పల్లె తొక్కిందని వెలివేస్తే ఆమె పడుగు పట్టేవాళ్ళుండరు. పడుగు లేకపోతే కూడు లేదు. ఉన్న నాలుగు రోజులూ కూడా ఉండవు.

అయినా తెగించింది. ముళ్ళకంచె వెనకగా, వంక దిగి, పుల్లమ్మ పల్లె బడికి పోవడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళు దాగుతుంది? ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో వాసనతో చెప్పే వీధి అది. ఒకనాటి పొద్దున చౌడమ్మ గుడి ముందు అందరూ చేరి సుబ్బక్కను పిలిపించారు.

కాశన్న గొంతు సవరించుకున్నాడు. "బిడ్డను పల్లెకు పంపిస్తాండావంట. నిజమేనా?"

సుబ్బక్క దీనికి సిద్ధమయ్యే వచ్చింది. మగ్గం మీద కూర్చుని అల్లుకున్న ఉపాయం ఒకటుంది ఆమె దగ్గర. దాని మీద ఎంత నమ్మకమో!

"యెవురి బిడ్డ మామా? నా బిడ్డా? అది నాది కాదు గదా" అంది.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీ అందరి ముందరే విశ్వాసమ్మకు అమ్మినా. తవుడు పట్టుకున్నా. చాట తెచ్చింది ఈ అంజనమ్మత్తే. అడగండి. కొనుక్కున్న తల్లి తన బిడ్డను తన బడికి పంపుకుంటాండాది. నన్ను అడిగితే నేనేం చెప్పాల?"

కాశన్న భార్య అంజనమ్మ తల వంచుకుంది. ఎవరూ నోరెత్తలేకపోయారు. ఎట్లా ఎత్తుతారు? ఆ అమ్మకం ఉత్తుత్తిదే అంటే, వాళ్ళ ఇళ్ళలో అట్లా అమ్ముడుపోయి బతికిన పిల్లల గతేమిటి? కాశన్న ఒక్కగానొక్క కొడుకు పుల్లయ్య కూడా అట్లా తవుడుకు పోయినవాడే. ఆ మాట గాలిలో పోయే చావు చెవిన పడిందంటే? ఆడవాళ్ళు కొందరు అప్పుడే పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. సుబ్బక్క లోపల పొంగిపోయింది. గెలిచానే అనుకుంది, పిచ్చి తల్లి.

కాశన్న భుజం మీది తువ్వాలు దులిపి వేసుకున్నాడు. "నిజమే. అమ్మినావు. నేనూ చూసినా" అన్నాడు మెల్లగా. "అయితే సుబ్బక్కా, పల్లె బిడ్డ మన వీధిలో పండుకునేదానికి లేదు. కొనుక్కున్న తల్లి ఇంటికి పంపెయ్యి. నువ్వు ఆ పల్లె పొలిమేర తొక్కొద్దు. నీ పడుగు యెప్పట్లాగనే అందురూ పడతారు."

పగలు బడి, రాత్రి తన పక్కలో బిడ్డ, ఇంతవరకే సుబ్బక్క లెక్క. ఈ వైపు ఆలోచించనే లేదు. "ఊరికే అన్నా మామా, అది నా బిడ్డే, నా కడుపున పుట్టిందే" అని అరవడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అందరి కంటే గట్టిగా ఆ తవుడును నమ్మింది ఆమే కదా! ఇప్పుడు నాదే అంటే, ముందు పుట్టినవాళ్ళను తీసుకుపోయిన ఆ పాడు చావు ఇటు తిరిగి చూడదూ? పోనీ నమ్మకం మాట పక్కన పెట్టి బిడ్డను ఇంట్లోనే ఉంచుకుంటుందనుకుందాం. ఎన్నాళ్ళు? ఆ తరువాత దాని కూటికి ఎవరు పిలుస్తారు?

"సరే మామా" అంది.

ఆ సాయంత్రం బిడ్డకు తల దువ్వి, ఆముదం రాసి, ఎర్ర నూలు పోగులతో జడ కట్టింది. విశ్వాసమ్మ వీధి చివర కంచె అవతల నిలబడి ఉంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఇంగ నన్ను అమ్మా అనొద్దు పాపా. నలుగురిలో అసలే అనొద్దు" అంది సుబ్బక్క.

"ఇంట్లో అనొచ్చునా?"

"ఇంట్లోకి రావు గదా తల్లీ."

పుల్లమ్మ తల వెనక్కి తిప్పింది. "మరి యేమని పిలవాల?"

అక్కా అనమనాలా? అత్తా అనమనాలా? ఏ వరసా నోట రాలేదు. "పిలవొద్దులే" అని జడ కొస ముడేసింది.

ఆ తరువాత ఆమె బతుకు ఏం బతుకు! నేసింది, దగ్గింది, దగ్గుతూనే నేసింది. పైగాలి వీచినప్పుడు పల్లె బడి నుంచి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పే గోల లీలగా వినబడేది. మగ్గం ఆపి చెవి ఒగ్గేది. అంతమంది గొంతుల్లో తన బిడ్డ గొంతు ఏదో పోల్చుకోవాలని చూసేది. చేత కాక, మగ్గం కర్రకు తల ఆనించి, ఎవరూ లేని ఇంట్లో బావురుమనేది. అన్నం వండితే ఇప్పటికీ ఇద్దరికే పడేది చేయి.

వేసవి ముదిరింది. ఒకరోజు పొద్దున్నే వీధి పొడవునా సుబ్బక్క పడుగే సాగదీశారు. అందరూ తలా ఒక చేయి వేశారు. ఆమె గంజి కుంచెతో దువ్వుతోంది. ఎండ పైకి వచ్చేవేళకు వీధి చివర కంచె దగ్గర పిల్లల గుంపు ఒకటి వచ్చి ఆగింది. పల్లె పిల్లలు. బడి కొట్టానికి బోద మోసుకుపోతున్నారు. దాహమవుతోందని, నీళ్ళు పోయమని, ఎప్పటి అలవాటు ప్రకారం దూరంగానే నిలబడి అడిగారు.

"పసిబిడ్డలు పాపం. యెవురన్నా ఇన్ని నీళ్ళు పోసి పంపండే" అన్నాడు కాశన్న.

సుబ్బక్క కుంచె అక్కడే వదిలేసింది. కడవ ఎత్తుకుని గబగబా నడిచింది. దూరం నుంచే పోల్చుకుంది. మోపు నెత్తిన పెట్టుకుని, ఒళ్ళంతా దుమ్ముతో, మునుపటి కంటే కాస్త ఒళ్ళు చేసి, అదుగో తన బిడ్డ!

పిల్లలు మోపులు దించి, ఒకరి తరువాత ఒకరు వంగి దోసిళ్ళు పట్టారు. సుబ్బక్క కడవ ఎత్తి పై నుంచి పోసింది. మనిషీ మనిషీ తగలకుండా పోయాలి కదా. వీధి మొత్తం ఇటే చూస్తోంది. చివరికి పుల్లమ్మ వంతు వచ్చింది. వంగి ఒక చేయి పట్టింది. ఆ ఎండిన చేయి లేవలేదు. సుబ్బక్క పోసిన నీళ్ళు ఆ ఒంటి అరచేతిలో నిలవక, మోచేతి మీదుగా జారి మట్టిలో ఇంకిపోయాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ జారిపోయాయి. పుట్టిన నాటి నుంచి ఆ బిడ్డ నోటికి గ్లాసు పట్టిన చేతులు ఆమెవి. ఇంత దగ్గర్లో, ఒక్క అడుగు దూరంలో! కడవ పారేసి కావలించుకుందామా అనుకుంది. అనుకుంటూనే కడవ అట్లాగే పట్టుకుని నిలబడింది.

"ఉండు పుల్లీ" అని ఏసురాజు ముందుకు వచ్చాడు. పుల్లమ్మ అరచేతికి తన అరచేయి ఆనించి దోసిలి చేశాడు. సందుల్లోంచి కారకుండా ఇంకో పిల్ల కింద తన చేయి పెట్టింది.

సుబ్బక్క పోసింది. ఈసారి నీళ్ళు నిలిచాయి. పుల్లమ్మ గటగటా తాగి, మళ్ళీ పోయించుకుని తాగి, తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి.

"చాలు" అంది. ఏ వరసా కలపలేదు. నేర్పిన మాట జవదాటలేదు బంగారుతల్లి.

పిల్లలు బిడ్డ నెత్తికి మోపు ఎత్తిపెట్టారు. గుంపు కదిలింది. ఒకసారి కూడా వెనక్కి తిరగకుండా పుల్లమ్మ వాళ్ళ మధ్యలో నడిచిపోయింది. కూటికి పిలిచే మనుషులు దొరికారు బిడ్డకు. అందుకు సంతోషించాలనే సుబ్బక్క ఎంతో ప్రయత్నించింది. కంట్లో నీళ్ళు మాత్రం ఆగలేదు.

"సుబ్బక్కా, గంజి ఆరిపోతాండాది, బిర్నా రా" అని కాశన్న పిలిచాడు.

"వస్తాండా మామా" అని ఆమె కడవ దించి, పోయి కుంచె పట్టుకుంది.